థు బోన్ నది: మీ సన్ గుళ్ళు, హోయ్ ఆన్ రేవు రెండూ దీని వల్లేనా?

పడవరేవు (ప్రశ్న)

వియత్నాంలోని దా నాంగ్ ప్యాకేజీ టూర్లలో మీ సన్ పాత శివాలయాలకి ఒక పూట, హోయ్ ఆన్ లాంతర్లకి ఒక సాయంత్రం ఇచ్చి, మిగతా రోజులన్నీ బా నా హిల్స్‌కీ బీచ్‌కీ పెట్టేస్తున్నారు. మ్యాప్ తీసి చూస్తే మీ సన్, ట్రా కియూ, హోయ్ ఆన్ మూడూ థు బోన్ అనే ఒకే నది చుట్టూ కనిపిస్తున్నాయి. గైడ్లు మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో కథగా చెప్పి వదిలేస్తారు.

తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

ఒకటి, ఒకప్పుడు ఈ తీరాన్ని ఏలిన చంపా రాజులు గుడినీ రాజధానినీ రేవునీ ఈ నది దగ్గరే ఎందుకు పెట్టుకున్నారు? రెండు, హోయ్ ఆన్ రేవు మూతపడింది నదిలో ఇసుక మేట వేయడం వల్లా, రాజుగారి నిర్ణయం వల్లా? మూడు, ఈ చోట్లన్నీ ఉన్న క్వాంగ్ నామ్ ప్రాంతాన్ని అప్పట్లో అమరావతి అనేవారనీ, అది మన అమరావతి పేరేననీ వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులో నిజమెంత? నాలుగు, అక్టోబరు, నవంబరు సెలవుల్లో వెళ్ళాలనుకునేవాళ్ళు వరద సంగతి ముందుగా ఎలా తెలుసుకోవాలి?

---

ఇటుకగోపురం

మొదటి ప్రశ్నకి, మూడోదానికి నేను చెబుతాను. రేవు సంగతి సరంగు గారికి వదిలేస్తున్నా.

థు బోన్ పెద్ద నదేం కాదు. న్గోక్ లిన్ కొండల్లో పుడుతుంది. ఆ శిఖరం ఎత్తు 2,598 మీటర్లు. అక్కడి నుంచి ఉత్తరానికి పారి, తర్వాత తూర్పుకి తిరిగి, మొత్తం 200 కిలోమీటర్లు దాటీ దాటకుండానే కువా దాయ్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువన దీన్ని ట్రాన్ నది అంటారు, థు బోన్ పేరు కిందికి వచ్చాకే. పక్కనున్న వూ జా నదితో కలిపి పరీవాహకం 10,350 చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు మన వంశధార అంత.

మధ్య వియత్నాంలో కొండలు సముద్రం మీదికి వచ్చి పడుతుంటాయి. వాటి మధ్య ఇరుకిరుకు మైదానాలు, ఒక్కో మైదానానికి ఒక్కో నది. చంపా అంటే ఒకే రాజధాని కింద నడిచిన పెద్ద సామ్రాజ్యం అనుకుంటే ఏదీ అర్థం కాదు. నదికొకటి చొప్పున ఉన్న చిన్న రాజ్యాల వరస అనుకుంటేనే లెక్క కుదురుతుంది. ఆ వరసలో థు బోన్ మైదానం బాగా వెడల్పైన వాటిలో ఒకటి. ఉత్తరాన హాయ్ వాన్ కనుమ గోడలా కాస్తుంది. పడమటి కొండల్లో అగరు, దాల్చిన చెక్క, దంతం దొరుకుతాయి.

అగరు తెచ్చేది కొండవాళ్ళు. రాజుకి వాళ్ళ మీద నేరుగా పెత్తనం చెల్లదు. కానీ సరుకు సముద్రానికి చేరాలంటే నది తప్ప మరో దారి లేదు, నది ముఖం రాజు చేతిలో ఉంది. కొండవాళ్ళకి కావలసిన ఉప్పు, ఎండుచేప కింది నుంచే వెళ్ళాలి. కాబట్టి కొండల్లోకి సైన్యాన్ని పంపకుండానే మూతి దగ్గర కూర్చుని రెండు వైపులా లాభం తీయొచ్చు. ఆగ్నేయాసియా నదీ రాజ్యాలకి ఈ నమూనాని బెనెట్ బ్రాన్సన్ 1977లో ప్రతిపాదించాడు. తర్వాతి పరిశోధకులు దాన్ని చంపాకి కూడా వాడుకున్నారు. చంపా పోయి శతాబ్దాలైనా ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. పైవాళ్ళు లేత పనసకాయ పంపితే కిందివాళ్ళు ఎగిరే చేప పంపడం గురించి క్వాంగ్ నామ్ పల్లెల్లో ఇప్పటికీ పదం కట్టి పాడతారు. ఆ రెండూ కలిపి వండే కూర అక్కడి ఇళ్ళలో మామూలే.

ఇక మూడు చోట్లు. హోయ్ ఆన్ దగ్గర రేవు. అక్కడి నుంచి ఎగువకి సుమారు 20 కిలోమీటర్లలో ట్రా కియూ, అదే రాజధాని సింహపురం. ఇంకో 15 కిలోమీటర్లు నైరుతిగా వెళితే కొండల నడుమ గిన్నెలాంటి లోయలో మీ సన్. చుట్టూ కొండలు, లోపలికి ఒకే ఇరుకు దారి. ఆపద వస్తే రాజు వెనక్కి జరగడానికి కూడా అది పనికొచ్చే చోటే.

నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అక్కడ భద్రేశ్వర లింగాన్ని ప్రతిష్ఠించాడు. ఆయన సంస్కృత శాసనంలో గుడి మాన్యానికి హద్దులు రాయించాడు. తూర్పున సులహ పర్వతం, దక్షిణాన మహాపర్వతం, పడమర కుచక పర్వతం. ఉత్తరపు హద్దు దగ్గర రాయి దెబ్బతింది, దాన్ని మహానదిగా పండితులు పూరించారు. ఆ నది థు బోనే. అంటే మూడు వైపులా కొండ, నాలుగో వైపు నది, మధ్యలో దేవుడి భూమి. హద్దులోపలి పంటలో దేవుడి వాటా ఎంతో కూడా అందులోనే ఉంది: మామూలుగా ఆరో వంతు, రాజు దయతలిస్తే పదో వంతు. ఆ గుడి తర్వాత కాలిపోతే ఏడో శతాబ్దంలో శంభువర్మ మళ్ళీ కట్టి, తన పేరు కూడా కలిపి శంభుభద్రేశ్వరుడన్నాడు. ఆ తర్వాత పదమూడో శతాబ్దం దాకా కడుతూనే ఉన్నారు.

గుళ్ళు చూసేటప్పుడు గమనించాల్సినవి. మధ్యనుండే పెద్ద గోపురాన్ని కలాన్ అంటారు, అది గర్భగుడి. ద్వారం ఎక్కువగా తూర్పుకే ఉంటుంది. లోపల లింగం మీద పోసిన నీరు పానవట్టం నుంచి జారి ఉత్తరపు గోడలోని సోమసూత్రం గుండా బయటికి పోతుంది, గోడకి ఆ రంధ్రం వెతికి చూడండి. పక్కన పడవ బోర్లించినట్టు పైకప్పు ఉన్న చిన్న కట్టడం కోశగృహం, పూజసామగ్రి దాచే గది. బీ గుంపులో ఐదో నంబరుది బాగా నిలిచి ఉంది. ఈ అక్షరాల నంబర్లు ఫ్రెంచి పరిశోధకుడు ఆంరీ పార్మాంతియే పెట్టినవి.

ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం కనపడదు. దేనితో అతికించారన్నదాని మీద పెద్ద చర్చ నడిచింది. అక్కడ దావ్ రాయ్ అనే డిప్టెరోకార్పస్ జాతి చెట్టు జిగురు వాడి ఉంటారన్నది ఇప్పుడు బలమైన వాదన. జీ గుంపుని ఇటలీ నిపుణులు బాగు చేసినప్పుడు ఆ జిగురునే వాడారు. అంతకుముందు మరమ్మతుల్లో పెట్టిన కొత్త ఇటుకల మీద కొన్నేళ్ళకే తెల్ల ఉప్పు, నాచు పట్టాయి. పాత ఇటుక మాత్రం ఎర్రగా శుభ్రంగా ఉంది. కొత్తదీ పాతదీ కలిసే గీత దగ్గర నిలబడితే ఆ తేడా మీకే తెలుస్తుంది.

మీ సన్ శత్రువుల జాబితాలో కాలం కంటే ముందుండేది 1969 ఆగస్టు. అమెరికా బాంబుల్లో అన్నిటికంటే పెద్దదైన ఏ1 గోపురం కూలింది. యుద్ధం తర్వాత శిథిలాలని నిలబెట్టినవాడు పోలండ్ వాస్తుశిల్పి కాజిమియెర్జ్ క్వియాత్‌కోవ్‌స్కీ. 2017 నుంచి 2022 దాకా ఏ, హెచ్, కే గుంపుల పని మన భారత పురావస్తు శాఖ చేసింది. 2020 మేలో ఏ10 గుడి తవ్వుతుంటే పానవట్టంతో సహా ఒకే ఇసుకరాతిలో చెక్కిన శివలింగం చెక్కు చెదరకుండా బయటపడింది. తొమ్మిదో శతాబ్దపుది. వెళ్ళినవాళ్ళు బీ, సీ, డీ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. ఏ గుంపు దాకా నడవకపోతే సగం చూడనట్టే.

అమరావతి మాటకొస్తే, ఆ పేరు చంపా శాసనాల్లో ఉంది, అబద్ధం కాదు. కానీ అమరావతి దేవేంద్రుడి నగరం. ఇదే ప్రాంతంలో తొమ్మిదో శతాబ్దపు రాజధాని పేరు ఇంద్రపురం. రెంటినీ పక్కపక్కన పెడితే పేరు పురాణం నుంచి వచ్చిందనుకోవడమే తేలిక. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిందనడానికి ఒక్క శాసనం కూడా దొరకలేదు. బొమ్మ విషయం వేరు. ఇంద్రపురం ఉన్న డోంగ్ దువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడు దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తు, కుడి భుజం మీద వస్త్రం లేదు, మడతలు సన్నగా సమాంతరంగా జారుతాయి. చూడగానే అమరావతి శైలి గుర్తొస్తుంది. అయితే ఆ శైలి శ్రీలంక అనురాధపురంలోనూ సాగింది, బొమ్మ అక్కడి నుంచి వచ్చిందనేవాళ్ళూ గట్టిగానే ఉన్నారు. ఇప్పుడది హో చి మిన్ సిటీ చరిత్ర మ్యూజియంలో ఉంది. దా నాంగ్‌లో వెతక్కండి.

---

సరంగు

ఇటుకగోపురం గారు చెప్పినదానికి ఒక్క సవరింపు. హోయ్ ఆన్ రేవు కథ చంపాతో మొదలు కాలేదు. చంపా కంటే ముందే సా హుయిన్ సంస్కృతివాళ్ళు చనిపోయినవాళ్ళని పెద్ద కుండల్లో పెట్టి ఇక్కడి ఇసుక దిబ్బల్లో పాతేవారు. ఆ కుండల చోట్ల చైనా హాన్ కాలపు నాణేలు దొరికాయి. అంటే రెండు వేల ఏళ్ళ కిందటే ఇక్కడికి సరుకు వచ్చేది. ఊళ్ళోనే దీనికి చిన్న మ్యూజియం ఉంది.

రేవు పనిచేసిన పద్ధతి ముందు తెలియాలి. నది ముఖం లోతు తక్కువ, ఇసుక తిన్నెలు ఎప్పటికప్పుడు చోటు మారుస్తాయి. పెద్ద ఓడకి ఇది ప్రమాదం. అందుకని తీరానికి ఎదురుగా ఉన్న కూ లావ్ చామ్ ద్వీపమే బయటి లంగరు. అక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, గాలి నుంచి చాటు ఉంటుంది. ద్వీపంలో బాయ్ లాంగ్ అనేచోట తొమ్మిదో శతాబ్దపు పశ్చిమాసియా గాజు ముక్కలు, చైనా టాంగ్ కాలపు పింగాణీ కలిసి దొరికాయి. అక్కడ ఆగి, అలలు చూసుకుని, స్థానిక సరంగు సాయంతో లోపలికి రావాలి.

ఈ తీరం వియత్నామీల చేతికి ఒక్కసారిగా రాలేదు. 1402లో హో వంశం తీసుకుంది, 1471లో లే థాన్ తోంగ్ క్వాంగ్ నామ్ పేరుతో పాలనా ప్రాంతం చేశాడు. 1602లో ఈ దక్షిణ ప్రాంతాన్ని ఏలుతున్న న్గుయెన్ హోవాంగ్ ప్రభువు థు బోన్ ఒడ్డునే థాన్ చియెమ్ దగ్గర పరిపాలన కేంద్రం పెట్టి కొడుకుని కూర్చోబెట్టాడు. రేవు మీద సుంకం ఆయన వంశానికి ప్రాణం. ఉత్తరాన ట్రిన్ ప్రభువులతో యుద్ధానికి డబ్బు, తుపాకులు ఈ దారినే వచ్చాయి. 1620ల్లో ఇదే థాన్ చియెమ్‌లో ఫ్రాన్సిస్కో దే పినా అనే పోర్చుగీసు ఫాదరీ వియత్నామీ భాషని లాటిన్ అక్షరాల్లో రాయడం మీద పనిచేశాడు. ఇప్పుడు దేశమంతా వాడే లిపికి అలాంటి ప్రయత్నాలే మొదలు. టూరు బస్సులు ఆ ఊరు దాటుకుంటూనే పోతాయి, ఎవరూ చెప్పరు.

రేవుకి కాలమంటే గాలే. చైనా, జపాన్ ఓడలు చలికాలపు ఈశాన్య గాలి పట్టుకుని దిగేవి. నెలల తరబడి సంత నడిచేది. ఎండాకాలంలో నైరుతి గాలి తిరిగాక ఇంటికి. మధ్యలో మిగిలే నెలల్లో ఊళ్ళోనే ఉండి సరుకు కొని నిలవ చేసే మనిషి కావాలి కదా, అందుకే చైనావాళ్ళకీ జపాన్‌వాళ్ళకీ వేరు వేరు పేటలు వచ్చాయి. జపాన్ వంతెన ఆ రెండు పేటల మధ్య వాగు మీద కట్టిందే. 1635లో జపాన్ తన ప్రజల విదేశీ ప్రయాణాలు నిషేధించాక ఆ పేట మెల్లగా కరిగిపోయింది, వంతెన నిలిచింది. 2024 ఆగస్టులో బాగుచేతలు ముగిసి మళ్ళీ తెరిచారు. రంగు మరీ కొత్తగా ఉందని పెద్ద గోల జరిగింది. వాన తగిలితే అదే సర్దుకుంటుంది, అంత రచ్చ అనవసరం.

మూతపడడానికి కారణం ఇసుకా, రాజా అంటే, ఇసుక ముందు, రాజు తర్వాత. హోయ్ ఆన్ నుంచి దా నాంగ్‌కి సముద్రం ఎక్కకుండా తీరం లోపలే వెళ్ళే కో కో అనే నది ఒకటి ఉండేది. పెద్ద ఓడ దా నాంగ్ అఖాతంలో ఆగినా చిన్న పడవలు దాని గుండా సరుకు తెచ్చేవి. అది పూడుకుపోతూ వచ్చింది, కువా దాయ్ ముఖమూ మెరక వేసింది. అప్పటికి యూరప్ ఓడల అడుగు లోతు పెరిగింది. 1835లో మిన్ మాంగ్ చక్రవర్తి పడమటి దేశాల ఓడలు దా నాంగ్‌లోనే ఆగాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞ లేకపోయినా పెద్ద ఓడ హోయ్ ఆన్‌కి వచ్చే పరిస్థితి లేదు. తర్వాత ఫ్రెంచివాళ్ళు కూడా దా నాంగ్ మీదే డబ్బు పెట్టారు. రేవు పోవడం వల్లే పాత ఊరు మిగిలింది. వ్యాపారం నడిచి ఉంటే ఆ చెక్క ఇళ్ళన్నీ ఎప్పుడో కూలగొట్టి గోడౌన్లు కట్టేవారు.

ఇళ్ళు చూసేటప్పుడు ముందు వైపు కంటే వెనక వైపు చూడండి. న్గుయెన్ థాయ్ హోక్ వీధిలో తాన్ కీ ఇంటికి ముందు వాకిలి వీధిలోకి, వెనక వాకిలి నది పక్కన బాక్ డాంగ్ వీధిలోకి. పడవ సరుకు వెనక దిగేది, అమ్మకం ముందు జరిగేది. పై అంతస్తు నేలలో చెక్క తలుపుతో చదరపు కంత ఉంటుంది. వరద వస్తే సామాను తాళ్ళతో దాని గుండా పైకి లాగేస్తారు. గోడ మీద ఏ ఏడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గీతలు గీసి ఉన్నాయి, 1964 గీత మనిషి తల దాటి ఉంటుంది.

---

పడవరేవు

ఇద్దరికీ ధన్యవాదాలండి. సరంగు గారూ, కో కో నది మళ్ళీ తవ్వుతున్నారని విన్నాను, ఇప్పుడు పడవలో దా నాంగ్ నుంచి హోయ్ ఆన్‌కి వెళ్ళొచ్చా? ఇంకా వరద ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఎగువన డ్యాములు కట్టాక వరద తగ్గిందనీ, కాదు పెరిగిందనీ రెండూ రాస్తున్నారు.

---

నీటిమట్టం

కో కో తవ్వకం సాగుతూ ఉంది కానీ టూరిస్టు పడవ మొత్తం దూరం నడిచేంత కాలేదు. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి, రోడ్డు మీద 30 కిలోమీటర్లు గంటలోపే.

వరద సంగతి. ఈ నదికి రెండు కాలాలే, ముంచే కాలం, ఎండే కాలం. వానలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, అందులో అక్టోబరు, నవంబరు గట్టివి. ఏడాది నీటిలో అధిక భాగం ఈ మూడు నాలుగు నెలల్లోనే పారిపోతుంది. ఈశాన్యపు చల్లగాలి సముద్రం మీద తడిసి వచ్చి పడమటి కొండల్ని గుద్దుకుంటుంది. అదే సమయంలో తుపానో వాయుగుండమో తోడైతే ఇక ఆగదు. ఎగువన ట్రా మీ ప్రాంతంలో సగటు వర్షపాతమే ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల లెక్క.

కొండ దిగిన నదికి సముద్రం దాకా చదును నేల కొన్ని పదుల కిలోమీటర్లే. నీరు నెమ్మదించి పరుచుకోవడానికి చోటు లేదు. పొద్దున ఎగువన కుంభవృష్టి కురిస్తే అదే రోజు రాత్రికి హోయ్ ఆన్ వీధుల్లోకి వస్తుంది. పోటు సమయం కలిస్తే ఇంకో నాలుగు వేళ్ళు ఎత్తు.

ముందుగా తెలుసుకోవడానికి ఇలా చేయండి. వియత్నాం వాతావరణ శాఖ ప్రతి నదికీ మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తుంది, వార్తల్లో బీడీ 1, 2, 3 అని ఉంటుంది. మనకి కావలసిన కొలత చోట్లు రెండు. కౌ లౌ వంతెన దగ్గర ఒకటో హెచ్చరిక 2 మీటర్లు, రెండోది 3, మూడోది 4. హోయ్ ఆన్ దగ్గర 1 మీటరు, 1.5, 2. ముందు కౌ లౌ చూడాలి, అది ఎగువ. అక్కడ 3 మీటర్లు దాటి ఇంకా పెరుగుతోందంటే హోయ్ ఆన్‌లో నది పక్క హోటల్ బుకింగ్ ఆ రోజే మార్చుకోవడం మేలు. హోయ్ ఆన్ అంకె 1 మీటరు దాటుతుంటే బాక్ డాంగ్ వీధి అంచుకి నీరు వస్తుంది. 2 మీటర్లు దాటితే పాత ఊళ్ళో పడవే వాహనం. 1964లో 3.40 మీటర్లు వచ్చింది. 2025 అక్టోబరు చివరి వరద ఆ గుర్తుని కూడా దాటేసింది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: హోయ్ ఆన్ ఆకాశం చూసి నిర్ణయం తీసుకుంటారు. ఊళ్ళో చినుకు లేకపోయినా ఎగువ వానకి నీరు వస్తుంది. వరద సాధారణంగా రెండు మూడు రోజుల్లో తీస్తుంది, కానీ బురద కడిగి కరెంటు ఇచ్చి దుకాణాలు తెరిచేసరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. సెలవులకి స్వేచ్ఛ ఉంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మంచిది. మే నుంచి ఆగస్టు పొడిగానే ఉంటుంది కానీ మీ సన్ లోయలో గాలి ఆడదు, ఉదయం ఏడింటికే లోపల ఉండాలి.

డ్యాముల మీద మీరు చదివిన రెండు మాటలూ కొంత నిజమే. ఇక్కడివన్నీ కరెంటు కోసం కట్టినవి. థు బోన్ ఎగువన సోంగ్ ట్రాన్ 2 పెద్దది: 190 మెగావాట్లు, నిల్వ 73 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో 26 టీఎంసీలకి కాస్త తక్కువ. చిన్నా మధ్యరకం వరదని ఇది ఆపగలదు. కానీ కరెంటు వ్యాపారికి జలాశయం నిండుగా ఉండాలి, వరద ఆపేవాడికి ఖాళీగా ఉండాలి. వానాకాలం చివరికి డ్యాము నిండి ఉన్నప్పుడు పెద్ద వాన పడితే వచ్చింది వచ్చినట్టు వదలడమే. అందుకే నది మొత్తం డ్యాములన్నిటినీ కలిపి నడపాలని ప్రభుత్వం 2015లో నియమం పెట్టింది, 2019లో మార్చింది. వరద ముందు ఏ డ్యాము ఏ మట్టానికి దించాలో, ఎండాకాలంలో రోజుకి ఎంత వదలాలో అందులో ఉంటుంది. సోంగ్ ట్రాన్ 2కి ఇంకో తలనొప్పి కూడా ఉంది. 2012 మార్చిలో ఆనకట్ట ఒంట్లోంచి నీరు కారడం బయటపడింది, అదే ఏడు నవంబరులో 4.7 తీవ్రతతో భూమి కంపించింది. జలాశయం నిండాక మొదలైన ప్రకంపనలవి.

డ్యాముల అసలు దెబ్బ వానాకాలంలో కాదు, ఎండాకాలంలో తెలుస్తుంది. డాక్ మీ 4 అనే ప్రాజెక్టు వూ జా ఎగువ నీళ్ళని తీసుకుని కరెంటు తీశాక థు బోన్ వైపు వదిలేస్తుంది. దాంతో వూ జా బక్కచిక్కింది. దా నాంగ్ నగరానికి తాగునీరు వూ జా కింది కొసన కౌ దో దగ్గర తోడతారు. నది ఒత్తిడి తగ్గగానే ఉప్పునీరు అక్కడిదాకా ఎగబాకుతుంది. లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు పనికిరాదు, ఎగువన ఆన్ ట్రాక్ ఆనకట్ట నుంచి పంపులతో తెచ్చుకోవాలి. 2018, 2019లో నగరంలో కుళాయిలు ఎండింది దీనివల్లే. పైగా క్వాంగ్ హుయే అనే పాయ గుండా వూ జా నీరు మళ్ళీ థు బోన్‌లోకే జారిపోతుంది. ఎండాకాలంలో ఆ పాయకి అడ్డుకట్ట వేసి నీరు నిలుపుకుంటారు, వరదకి అది కొట్టుకుపోతుంది, మళ్ళీ వేస్తారు.

ఇంకొకటి ఇసుక. డ్యాముల వెనక కొంత ఆగిపోతోంది, కొంత లారీలకి ఎక్కిపోతోంది. నది మూతికి రావాల్సిన వాటా తగ్గితే సముద్రం ఒడ్డునే తింటుంది. కువా దాయ్ బీచ్ 2014 నాటికే చాలా భాగం కొట్టుకుపోయింది. రిసార్టులవాళ్ళు తమ ముందు గోడలు కట్టుకుంటే కోత పక్కవాడి మీద పడి ఆన్ బాంగ్ వైపు జరిగింది. ఫొటోల్లో చూసిన విశాలమైన ఇసుక ఇప్పుడు అన్ని చోట్లా ఉండదు, హోటల్ తీసుకునేముందు ఈ ఏడాది ఫొటోలు అడగండి.

---

ఇటుకగోపురం

నది వెంట ఒక రోజు ఎలా పెట్టుకోవాలో చెప్పేస్తే పని అయిపోతుంది.

దా నాంగ్‌లో చామ్ (చంపా ప్రజల) శిల్పాల మ్యూజియం ముందురోజు చూడండి. మీ సన్ ఈ1 పీఠం, ట్రా కియూ పీఠం అసలువి అక్కడే ఉన్నాయి, గుడి దగ్గర ఇటుకే మిగిలింది. ట్రా కియూ పీఠం చుట్టూ చెక్కిన బొమ్మలని సీతా కల్యాణం అని గైడ్లు ఢంకా బజాయించి చెబుతారు. అది కృష్ణ కథ అన్నవాళ్ళూ ఉన్నారు. విల్లు ఉన్న చోట కాసేపు ఆగి మీరే చూసుకోండి.

మర్నాడు తెల్లవారగానే మీ సన్. దా నాంగ్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, హోయ్ ఆన్ నుంచి 40. లోపల ఖే థే అనే వాగు గుళ్ళ గుంపుల మధ్య నుంచి పారుతుంది, అది చివరికి థు బోన్‌లో కలిసేదే. ఒడ్డు కోసుకుపోతూ ఏ గుంపుకి దగ్గరగా వస్తోంది, అది ఇక్కడి పునాదులకి నిత్యం ఉన్న బెడద. తిరుగు దారిలో ట్రా కియూ. ఊళ్ళో బుయూ చౌ గుట్ట మీద చర్చి ఉంది, మెట్లెక్కితే కింద పొలాల మధ్య సింహపురం కోటగోడ ఆనవాలు మట్టికట్టలా కనపడుతుంది. 1927, 28లో ఫ్రెంచివాళ్ళు తవ్వి మళ్ళీ పూడ్చేశారు కాబట్టి శిథిలాలు చూద్దామని వెళితే నిరాశే. నది, కొండ, రాజధాని ఎలా అమరాయో కంటితో కొలుచుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు. ఈ ఊరి దగ్గరే డోంగ్ యెన్ చౌలో చామ్ భాషలో దొరికిన అతి పాత శాసనం ఉండేది, నాలుగో శతాబ్దపుదంటారు. రాజుగారి నాగుడికి మర్యాద చేయమని, చేయనివాడికి నరకమని అందులో ఉంటుంది. నీటి ఊటనీ బావినీ కాచే నాగుడది.

మధ్యాహ్నానికి హోయ్ ఆన్. నదికి దక్షిణాన కిమ్ బోంగ్‌లో వడ్రంగులు, పడమర థాన్ హాలో కుమ్మరులు. థాన్ హా మట్టి ఈ నది ఒండ్రే. ఉత్తరాన ట్రా క్వేలో ఆకుకూరల మళ్ళకి పక్క చెరువుల్లోని నాచు తీసి ఎరువుగా వేస్తారు. శాకాహారులకి ఒక మాట: ఊళ్ళో కావ్ లౌ నూడుల్స్ మీద పంది మాంసం వేస్తారు, పులుసులో కూడా ఉంటుంది. కూరగాయలది కావాలంటే చాయ్ (chay, టీ కాదు, శాకాహారం అని) రాసి ఉన్న హోటల్‌కి వెళ్ళండి, అమావాస్యకీ పౌర్ణమికీ ఇవి ఎక్కువ తెరిచి ఉంటాయి.

ఒక తిరకాసు. 2025 జులై 1 నుంచి క్వాంగ్ నామ్ రాష్ట్రం దా నాంగ్ నగరంలో కలిసిపోయింది, జిల్లాలు రద్దయ్యాయి. పాత బ్లాగుల్లో ఉన్న జుయ్ సుయెన్, దియెన్ బాన్ జిల్లాల పేర్లు మ్యాప్‌లో ఒక్కోసారి దొరకవు. కారు బుక్ చేసేటప్పుడు ఊరి పేరు కాకుండా చోటు పేరు పెట్టండి: మీ సన్ గుళ్ళు, ట్రా కియూ చర్చి, జపాన్ వంతెన. డ్రైవరుకి ఇవి చాలు.